క్రేయాన్ మరక పూర్వకథ

పిల్లల చొక్కా మీది క్రేయాన్ మరక ఒక పట్టాన వదలదు. వదలకపోవడమే దాని వంశలక్షణం! అమెరికాలో బిన్నీ అండ్ స్మిత్ సంస్థ 1902లో పెట్టెలపై, పీపాలపై గుర్తులు వేసేందుకు ఒక మైనపు కడ్డీని తెచ్చింది. పేరు ‘స్టేఆనాల్’, అంటే అన్నిటి మీదా నిలిచేది. మరుసటి ఏడే ఎనిమిది రంగుల క్రేయోలా పెట్టెను ఐదు సెంట్లకు పిల్లల చేతికిచ్చింది.

పారఫిన్ మైనం నీటికి లొంగదు. వేడినీళ్ళు పోస్తే కరిగి, రంగును పోగుల్లోకి మరింత దింపుతుంది. అందుకే ముందు మైనాన్ని గీకి, పీల్చే కాగితాల నడుమ ఇస్త్రీ చేసి లాగాలి. మిగిలిన రంగుతో సబ్బూ, తల్లి రెక్కలూ పెనుగులాడవలసిందే (ఆ చాకిరీకి చరిత్రలో పుట లేదు). ఉతికితే పోయే క్రేయాన్‌కు అదే సంస్థ రసాయనజ్ఞుడు కాలిన్ స్నెడెకర్ పేటెంటు పొందేసరికి 1990 వచ్చింది.