పెట్టెలో గాలి, కారులో బాస్: స్పీకర్ పెట్టె చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• స్పీకర్‌కు పెట్టె ఎందుకు అవసరమైందో చెప్పగలుగుతారు.
• మూసిన పెట్టె, పోర్టు పెట్టె ఎప్పుడు, ఏ సమస్యకు పరిష్కారంగా వచ్చాయో వివరించగలుగుతారు.
• ఆ చరిత్ర ఆధారంగా కారుకు తగిన సబ్‌వూఫర్ పెట్టెను ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

విజయవాడ ఆటోనగర్‌లో కారుకు సబ్‌వూఫర్ పెట్టించుకోవడానికి మీరు వెళ్ళారనుకోండి. ముందు స్పీకర్ ఎన్ని అంగుళాలో, ఎన్ని వాట్లో అడుగుతారు. పెట్టె సంగతి చివరికి వస్తుంది. డిక్కీలో పట్టేది ఏదైనా సరే అనుకుంటారు. చరిత్ర చూస్తే ఈ వరుస తలకిందులని తెలుస్తుంది. గత వంద సంవత్సరాల్లో మంద్ర ధ్వనిని, అంటే మనం వాడుకలో బాస్ అనే దాన్ని, మెరుగుపరచిన ముఖ్యమైన ఆలోచనల్లో చాలావరకు పెట్టెకు సంబంధించినవే. ఈ పాఠంలో వాటిని వరుసగా పరిశీలిద్దాం.

2. పెట్టె ఎందుకు అవసరమైంది?

తంత్రి ఒక్కటే మోగితే వినిపించేది స్వల్పం. అందుకే వీణకు పనస కర్ర తొలిచి కుండ చేస్తారు. స్పీకర్‌కు ఉన్న ఇబ్బంది మరో రకమైనది. నేటి స్పీకర్‌కు మూలమైన రూపాన్ని 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ వెల్లడించారు. దాని కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. సెకనుకు 40 కంపనాలుండే ధ్వని తరంగం పొడవు సుమారు 8.5 మీటర్లు. అంత పొడవైన తరంగం చిన్న స్పీకర్ అంచును సులువుగా చుట్టివస్తుంది. ముందు ధ్వని, వెనక ధ్వని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఈ రెండింటినీ విడదీయడమే పెట్టె మొదటి పని.

3. రెండు దారులు

3.1 పోర్టు పెట్టె: వెనక ధ్వనిని వృథా చేయడం ఎందుకని ఆలోచించినవాడు బెల్ పరిశోధనశాలకు చెందిన ఆల్బర్ట్ థురాస్. పెట్టెకు లెక్క ప్రకారం ఒక గొట్టం అమర్చే పద్ధతికి ఆయన 1932లో పేటెంటు పొందాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం వస్తుంది కదా! ఇక్కడా సూత్రం అదే. గొట్టంలోని గాలి ఒక నిర్దిష్ట కంపనం దగ్గర బలంగా ఊగి కోన్‌కు తోడవుతుంది. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ మోత వస్తుంది. అయితే ఆ కంపనం కంటే దిగువన కోన్‌కు గాలి ఆసరా పోతుంది. అక్కడ ఎక్కువ శక్తి పంపితే కోన్ అదుపు తప్పి దెబ్బతినవచ్చు.

3.2 మూసిన పెట్టె: అప్పటికే వాడుకలో ఉన్న మూసిన పెట్టెలు మంచి బాస్ ఇవ్వాలంటే బీరువాలంత ఉండాల్సివచ్చేది. 1954లో ఎడ్గార్ విల్చర్ దీన్ని మార్చాడు. కోన్‌ను పట్టివుంచే అంచును వదులుగా ఉంచి, బిగుతుగా మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. బాస్ శుభ్రంగా వచ్చింది. కానీ విద్యుత్తు ఎక్కువ కావాల్సివచ్చింది.

3.3 అంచనా నుంచి లెక్కకు: 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఈ పరిజ్ఞానాన్ని గణితంగా మలిచారు. స్పీకర్‌తో వచ్చే కాగితం మీద కనిపించే థీల్-స్మాల్ విలువలు వారివే. ఈ స్పీకర్‌కు ఎన్ని లీటర్ల పెట్టె కావాలో వాటితో ముందే చెప్పవచ్చు.

ఈ చరిత్రలో మీరు గుర్తుంచుకోవలసిన సారం ఇది: చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ విద్యుత్తు అనే మూడింటిలో రెండే దక్కుతాయి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదు.

4. హాలు నుంచి డిక్కీకి

కృష్ణా డెల్టాలో మంద్ర ధ్వని చాలాకాలం నలుగురూ కలిసి వినేదే. ఊరేగింపులో డప్పు మోగితే వీధంతా వినేది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకు మాట వచ్చాక హాలు కూడా అలాంటి చోటయింది. తెర వెనక పెద్ద స్పీకర్లకు స్థలముండేది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక సంగీతం ఇళ్ళలోకి వచ్చింది. కానీ చిన్న రేడియో పెట్టెలో మృదంగం ఎడమ మూత గుంభన పూర్తిగా పలికేది కాదు.

కారుతో బాస్ ఒక్కరి చేతికి వచ్చింది. అంబాసిడర్ డిక్కీ విశాలమైనది. 1983లో వచ్చిన మారుతి 800లో ఆ వెనక స్థలం బాగా తగ్గింది. పెట్టె పరిమాణం ఒక ప్రశ్న అయింది. 1960ల నాటి జవహర్ ఆటోనగర్ లారీ బాడీల తయారీకి పేరుపొందింది. చెక్క కోయడం, అతుకు బిగించడం, రెగ్జిన్ తొడగడం వంటి నైపుణ్యాలే సబ్‌వూఫర్ పెట్టెకూ కావాలి. కాబట్టి కొలత ఇచ్చి చేయించుకునే వీలు మీకుంది. ఆ కొలత ఏమిటో మీకు తెలిసివుండాలి.

5. మీ ఎంపిక

కారు లోపలి గది కూడా ఒక పెట్టే. సుమారు 60 కంపనాల దిగువన ఆ చిన్న గది బాస్‌ను తానే పెంచుతుంది. మూసిన పెట్టెలో బాస్ తగ్గిపోయేది కూడా ఆ దిగువ భాగంలోనే. ఒకటి తగ్గిస్తే రెండోది పూడుస్తుంది. ఇంట్లో పలచగా వినిపించిన మూసిన పెట్టె కారులో నిండుగా వినిపించడానికి కారణం ఇదే. మృదంగం, తబలా దెబ్బలు విడివిడిగా వినాలనుకునేవారికి, డిక్కీలో సామాను పెట్టుకునేవారికి ఇది తగినది. తక్కువ ఆంప్లిఫయర్‌తో ఎక్కువ మోత కోరేవారికి, స్థలం ఉన్నవారికి పోర్టు పెట్టె నయం. అయితే లెక్క తప్పిన పోర్టు పెట్టె అన్ని పాటలకూ ఒకే ‘బూం’ అంటుంది.

ఒక లెక్క చేద్దాం. బయటి కొలత 50 × 35 × 25 సెంటీమీటర్లు అయితే 43.75 లీటర్లు. చెక్క మందం 18 మిల్లీమీటర్లు. ప్రతి కొలతలోనూ 3.6 సెంటీమీటర్లు తీసేస్తే లోపల మిగిలేది సుమారు 31 లీటర్లే. అందులో స్పీకర్, గొట్టం ఆక్రమించే చోటు కూడా తగ్గించాలి. కాబట్టి కొలత చెప్పేటప్పుడు లోపలి లీటర్లు చెప్పండి.

డెల్టా తేమకు ఎం.డి.ఎఫ్. చెక్క ఉబ్బుతుంది. డిక్కీలోకి నీరు చేరే కారైతే మంచి ప్లైవుడ్ మేలు. మూసిన పెట్టె సిద్ధమయ్యాక కోన్‌ను అరచేత్తో మెల్లగా, సమంగా నొక్కి వదలండి. నెమ్మదిగా వెనక్కి వస్తే పెట్టెలో గాలి లీకు లేనట్టే.

మోత పెంచేముందు మరొక్క మాట. మరో 3 డెసిబెల్స్ కావాలంటే విద్యుత్తు రెట్టింపు కావాలి. మంద్ర తరంగాలు కారు రేకునూ, ఇంటి గోడనూ దాటిపోతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్. వెనక వచ్చే అంబులెన్స్ సైరన్ వినిపించని బాస్ మంచి బాస్ కాదు.

6. సారాంశం

స్పీకర్ గాలిని కదిలిస్తుంది. ఆ గాలి ఎలా కదలాలో పెట్టె నిర్ణయిస్తుంది. థురాస్ గొట్టంతో మోతను, విల్చర్ బిగించిన గాలితో చిన్న పరిమాణాన్ని, థీల్, స్మాల్ లెక్కతో నిశ్చయాన్ని ఇచ్చారు. ముందు మీ స్థలం, మీ పాటలు, మీ ఆంప్లిఫయర్ చూసుకోండి. తరవాత పెట్టె, దానికి తగిన స్పీకర్ ఎంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పెట్టె లేని స్పీకర్‌లో మంద్ర ధ్వని ఎందుకు తగ్గుతుంది?
2. విల్చర్ పెట్టె చిన్నదైనందుకు చెల్లించిన మూల్యం ఏమిటి?
3. మీకు తెలిసిన ఒక కారు డిక్కీని కొలిచి, అందులో పట్టే పెట్టె లోపలి పరిమాణాన్ని లీటర్లలో లెక్కగట్టండి. దానికి ఏ రకం పెట్టె తగునో కారణాలతో రాయండి.