ప్రవాసి తండ్రి నోట అకాన్ సామెత: సందర్భమే పాఠం

ఆఫ్రికా సామెతలన్నీ ఒకే గాటన కట్టి మాట్లాడటం మనకు అలవాటైంది. నిజానికి ప్రతి సామెతకూ ఒక జాతి, ఒక భాష, ఒక సందర్భం ఉంటాయి. అందుకే ఈ వ్యాసం ఘనా దేశపు అకాన్ ప్రజల సామెతలకే పరిమితమవుతుంది. పరాయి దేశంలో పిల్లల్ని పెంచే తండ్రి నోట సామెత పలికినప్పుడు అది వినేవాళ్లతో పాటు చెప్పేవాణ్ణీ కట్టడి చేస్తుందని, దాని విలువంతా అక్కడే ఉందని ఇక్కడి ప్రతిపాదన.

సభలో సామెత

జర్మన్ మిషనరీ క్రిస్టాలర్ 1879లో అకాన్ ప్రజల త్వి భాషలోని 3,600 సామెతలను బాసెల్‌లో అచ్చు వేయించాడు. ఆ కృషి లేకపోతే ఎన్నో సామెతలు మనదాకా వచ్చేవి కావు. అయితే జాబితాకెక్కిన సామెతను ఎవరు, ఎవరితో, ఏ తగవులో అన్నారో తెలియదు. అకాన్ కొలువులో ఆ లోటు ఉండదు. రాజు తరఫున మాట్లాడే ఒక్యామె పట్టుకునే కర్ర కొసన సామెతనే బొమ్మగా చెక్కి బంగారు రేకు తొడుగుతారు. గుడ్డు పట్టుకున్న చెయ్యి అలాంటి బొమ్మే. అధికారం గుడ్డులాంటిది, బిగించి పట్టుకుంటే పగులుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది అని దాని భావం. నిండు కొలువులో ఆ హెచ్చరిక ముందుగా తగిలేది రాజుకే.

పరాయి ఊళ్లో సామెత

1983లో ఘనాను కరువు, కార్చిచ్చులు కుదిపేశాయి. అదే ఏడు నైజీరియా సుమారు పది లక్షల మంది ఘనా వాసులను వెళ్లగొట్టింది. ఆ దశాబ్దంలో ఎందరో లండన్‌కూ న్యూయార్క్‌కూ వలసపోయారు. అక్కడ కొలువు లేదు, ఊరిపెద్దలు లేరు. పెద్దరికమంతా తండ్రి మీదే పడింది.

ఎదిగిన కూతురు రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిందనుకుందాం. తండ్రి గుడ్డు సామెత ఎత్తుకుంటే తన పట్టు ఎంత బిగువుగా ఉందో తనే చూసుకోవలసి వస్తుంది. కొత్తగా వచ్చినవాడికి కళ్లు పెద్దవే గానీ ఊరి లోగుట్టు కనబడదు అనే సామెత మరీ లోతైనది. సొంత ఊళ్లో అది అతిథికి చెప్పే బుద్ధి. వలసలో ఆ కొత్తవాడు తండ్రే. అక్కడే పుట్టిన బిడ్డకు ఆ ఊరు తనకంటే బాగా తెలుసని ఒప్పుకుంటూ అతడు ఆ మాట అంటాడు.

అకాన్ చిహ్నాల్లో ఒకటైన, వెనక్కి తల తిప్పిన సంకోఫా పక్షి సంగతీ అంతే. మరిచినదాన్ని వెనక్కి వెళ్లి తెచ్చుకోవడం తప్పు కాదన్నది అందులోని మాట. ఇవాళ ఆ పక్షి చొక్కాల మీదా గొలుసుల మీదా కనిపిస్తుంది. దేన్ని మరిచామో చెప్పే పెద్దదిక్కు లేకపోతే అది అలంకారంగానే మిగిలిపోతుంది.

ముగింపు

ఆజ్ఞకు తండ్రి అతీతుడు కావచ్చు, సామెతకు కాలేడు. పూర్వీకుల మాట ముందు తండ్రీ బిడ్డా ఇద్దరూ శ్రోతలే. వలస కుటుంబాల్లో పెద్దరికం నిలవాలంటే ఈ సమానత్వం అవసరం. కనుక సామెతలు సేకరించేవాళ్లు మాటతో పాటు చెప్పినవారి వయసు, విన్నవారి బదులు, అప్పుడు జరిగిన సంగతి కూడా రాసిపెట్టాలి. తెలుగు సామెతల సేకరణకూ ఈ పద్ధతి అంతే అవసరం.