పిడిగుద్దు లెక్క: మంక్ బలం పాచికలో ఎంత?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోకి మంక్ పాత్ర 1975లో, బ్లాక్‌మూర్ అనుబంధ పుస్తకంతో వచ్చింది. ఒట్టి చేతులతో పోరాడే ఈ యోధుడికి స్థాయి పెరిగేకొద్దీ గుద్దు పాచిక పెద్దదవుతుంది. బలమంతా అందులోనే ఉందనిపించడం సహజం. లెక్క వేస్తే మాత్రం ఆ నమ్మకం సగమే నిలుస్తుంది.

2014 నాటి ఐదో ఎడిషన్‌లో మామూలు మనిషి పిడిగుద్దుకు పాచికే లేదు. ఒకటికి బలం తాలూకు అదనపు అంకె కలుపుతారు, అంతే. మంక్‌కు మొదట నాలుగు ముఖాల పాచిక ఇస్తారు. 5వ స్థాయిలో ఆరు, 11లో ఎనిమిది, 17లో పది ముఖాలు. పైగా బలానికి బదులు చురుకుదనపు అంకె వాడుకోవచ్చు.

5వ స్థాయిలో ఆ అంకె 4 అనుకుందాం. ఒక్కో గుద్దు సగటు 7.5. వంతుకు రెండు దెబ్బలు, బోనస్ యాక్షన్‌తో ఇంకొకటి. మూడూ తగిలితే 22.5. అదే స్థాయి ఫైటర్, బలం అంకె 4తో, గ్రేట్‌సోర్డ్‌తో రెండుసార్లు కొడితే 22. ఇప్పుడు మంక్ పాచికను నాలుగు ముఖాలకు కుదిస్తే మొత్తం 19.5కి దిగుతుంది, నష్టం 3. పాచికను అలాగే ఉంచి బోనస్ గుద్దు తీసేస్తే మిగిలేది 15, నష్టం 7.5. ‘కీ’ అనే అంతశ్శక్తి పాయింట్ ఒకటి ఖర్చుపెట్టి ‘ఫ్లరీ ఆఫ్ బ్లోస్’ వాడితే నాలుగు గుద్దులకు 30. అయితే ఈ స్థాయిలో ఉండేవి ఐదు పాయింట్లే, అయిపోతే విశ్రాంతి తీసుకోవాలి.

ఇవి అన్ని దెబ్బలూ తగిలాయనుకుని వేసిన అంకెలు. గురి ఇద్దరికీ సమానం కనుక, ప్రత్యర్థి రక్షణ అంకె 15 అయితే 65 శాతం తగులుతాయి; నిష్పత్తి దాదాపు మారదు. మంత్రఖడ్గాలు, ఫీట్లు అనే ప్రత్యేక నైపుణ్యాలు కలిపితే తూకం ఫైటర్ వైపు మొగ్గవచ్చు. ఆ నియమాల్లో పిడికిలి ఆయుధం కాదు కాబట్టి, ఆయుధానికి బలమిచ్చే మంత్రాలు చాలావరకు దానికి పనికిరావు.

పాచిక కన్నా గుద్దుల సంఖ్యే ముఖ్యమనడానికి 2003 నాటి 3.5 నియమాలు మరో సాక్ష్యం. 20వ స్థాయిలో గుద్దుకు రెండు పది ముఖాల పాచికలు, సగటు 11. ఫ్లరీతో ఐదు దెబ్బలు. కానీ ఫ్లరీకి ఫుల్ అటాక్, అంటే వంతంతా దాడికే కేటాయించడం, కావాలి. అయిదడుగులకు మించి కదిలితే మామూలుగా దక్కేది ఒక్క గుద్దే. అదే మంక్‌కు నడక వేగం 60 అడుగులు అదనం! ఒక వరం రెండోదాన్ని కట్టేసింది. ఐదో ఎడిషన్‌లో కదలికను దెబ్బల మధ్య పంచుకోవచ్చు గనుక ఈ చిక్కు లేదు.

2024 సవరణలో పాచిక ఆరు ముఖాలతో మొదలై పన్నెండు దాకా వెళ్లింది. బోనస్ గుద్దుకు ముందుగా అటాక్ యాక్షన్ తీసుకోవాలన్న షరతు పోయింది. 10వ స్థాయిలో ఫ్లరీ మూడు గుద్దులైంది. 17వ స్థాయిలో చురుకుదనపు అంకె 5తో, ఫ్లరీ వాడితే, పాత లెక్క 42, కొత్తది 57.5. పెరిగిన 15.5లో పెద్ద పాచిక తెచ్చింది 4, మిగతా 11.5 అదనపు గుద్దుది. శత్రువును పట్టుకోవడం, నెట్టడం ఇప్పుడు పిడిగుద్దుకే ప్రత్యామ్నాయాలు. వాటి విలువ మాత్రం ఈ కూడికల్లోకి రాదు.