అధ్యక్షుడి నడుం నొప్పి

1954 ఆగస్టు. మసాచుసెట్స్ తీరంలోని కెనెడీల ఇంటికి బోస్టన్ లాహీ క్లినిక్ నుంచి డాక్టర్లు వచ్చారు. ఎదురుగా 37 ఏళ్ల సెనెటర్ జాన్ కెనెడీ. చేతికందే దూరంలో చంకకర్రలు. నడుము దగ్గర ఐదో వెన్నుపూస కుంగిపోయినట్టు ఎక్స్‌రే చెబుతోంది. పూసలను కలిపి బిగించే ఆపరేషన్ ఒకటుంది. కానీ రోగికి అడిసన్స్ వ్యాధి. అడ్రినల్ గ్రంథులు పనిచేయక మందుల మీద బతుకుతున్న మనిషి. అలాంటి శరీరం పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోలేదు, చీము పడితే ఎదిరించలేదు. వద్దన్నారు డాక్టర్లు.

తండ్రి జోసెఫ్ కూడా వద్దన్నాడు. చక్రాల కుర్చీలో ఉండే రూజ్‌వెల్ట్ దేశాన్ని ఏలలేదా అని నచ్చజెప్పాడు. కొడుకు వినలేదు. ఈ కర్రల మీద బతుకు ఈడ్చడం కంటే చావే నయమన్నాడని తల్లి రోజ్ తర్వాత గుర్తుచేసుకుంది. మంచం మీద పక్కకు తిరగడానికి కూడా భయపడిన రాత్రులు తెలిసినవాళ్లెవరూ ఆ మాటను మొండితనం అనరు.

ఆ నొప్పి కొత్తది కాదు. హార్వర్డ్‌లో చదివే రోజుల నుంచే నడుం బాధ ఉంది. 1943 ఆగస్టు 2న సాలమన్ దీవుల దగ్గర జపాన్ యుద్ధనౌక ఢీకొని ఆయన నడిపే పీటీ-109 పడవ రెండు ముక్కలైంది. కాలిన గాయాలతో ఉన్న తోటి నావికుడి లైఫ్‌జాకెట్ పట్టీని పళ్లతో కరిచి పట్టుకుని గంటల తరబడి ఈదాడు. మరుసటి ఏడాది డిస్కు ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గకపోగా కండరాలు పట్టేయడం మొదలైంది. పదేళ్లకు సెనెట్‌లో ఓటింగుకూ ఓటింగుకూ మధ్య తన గదికి వెళ్లిరాలేక సీట్లోనే కూర్చుండిపోయే స్థితికి వచ్చాడు.

1954 అక్టోబరు 21, న్యూయార్క్. మూడు గంటలకు పైగా ఆపరేషన్ జరిగింది. లోపల లోహపు ప్లేటు బిగించారు. మూడో రోజు ఇన్ఫెక్షన్, ఆపైన కోమా. మతగురువు వచ్చి చావు అంచున ఉన్నవాళ్లకు చేసే ప్రార్థన చేశాడు. ఎలాగో గట్టెక్కాడు కానీ గాయం మానలేదు. డిసెంబరులో స్ట్రెచర్ మీదే ఫ్లోరిడాకు తీసుకెళ్లారు. చీము పట్టిన ఆ పుండుకు భార్య జాక్వెలీన్ కట్లు మార్చేది. ఫిబ్రవరిలో మళ్లీ కోసి ప్లేటు తీసేశారు. ప్రాణాన్ని పణంగా పెట్టి అమర్చుకున్నది నాలుగు నెలలైనా ఒంట్లో నిలవలేదు. 1955 నవంబరులో ఒక శస్త్రచికిత్స పత్రికలో, అడిసన్స్ ఉండీ ఆపరేషన్ తట్టుకున్న 37 ఏళ్ల పురుషుడి కేసు అచ్చయింది. పేరు లేదు. ఆ రోగి కెనెడీయేనని ఆయన చనిపోయాకే బయటపడింది.

1955 మే నెలలో కర్రల సాయంతో డాక్టర్ జానెట్ ట్రావెల్ గదిలోకి అడుగుపెట్టాడు. అప్పటికి మెట్టు ఎక్కడమే కష్టం. వంగి ఎడమ కాలికి మేజోడు తొడుక్కోలేడు. ఒక కాలు కాస్త పొట్టి అని గమనించి బూటు మడమ కింద ఎత్తు పెట్టించిందామె. ఊగే కుర్చీ వాడమంది. పట్టేసిన కండరాల్లో ప్రొకెయిన్ అనే మొద్దుబార్చే మందు ఎక్కించింది. హాయిగా అనిపించింది. అయితే ఆ హాయి సూది పనిచేసినంత సేపే.

అధ్యక్షుడయ్యాక, 1961 మేలో కెనడా పర్యటనలో పార పట్టి చెట్టు నాటుతుండగా నడుం మళ్లీ కలుక్కుమంది. అధ్యక్షుడు విమానం ఎక్కడానికి క్రేన్ లాంటి లిఫ్టు తేవాల్సి వచ్చింది. రోజుకు రెండు మూడు సార్లు ప్రొకెయిన్ ఇంజెక్షన్లు. ఇవి చాలవన్నట్టు ఒక ప్రైవేటు డాక్టర్ ఇచ్చే ఆంఫెటమిన్ సూదులు వేరే. ఇలాగే సాగితే కథ చక్రాల కుర్చీతో ముగుస్తుందని నేవీ డాక్టర్ జార్జ్ బర్క్‌లీ బెంబేలెత్తాడు. అక్టోబరులో డాక్టర్ హాన్స్ క్రాస్‌ను పిలిపించారు.

ఆస్ట్రియా నుంచి వచ్చిన క్రాస్ పేరున్న పర్వతారోహకుడు. ఆయన వెన్నుపూసల ఫొటోలతో ఆగలేదు, మనిషినే పరీక్షించాడు. వెల్లకిలా పడుకుని లేచి కూర్చోమన్నాడు. దేశాధ్యక్షుడు ఒక్కసారి కూడా లేవలేకపోయాడు. పొట్ట కండరాల్లో బలం లేదు, కాళ్ల కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఒంటికి బిగించుకున్న బెల్టే నడుమును మోస్తుంటే కండరాలకు పనేముంటుంది? సూదులు ఆపితేనే వైద్యం చేస్తానని క్రాస్ షరతు పెట్టాడు. అధ్యక్ష భవనంలో ఈత కొలను పక్కనున్న చిన్న వ్యాయామశాలలో వారానికి మూడు రోజులు సాధన మొదలైంది. బిగిసిన కండరాన్ని సాగదీయడం, బలహీనమైనదాన్ని కొద్దికొద్దిగా బలపరచడం, అంతే. కొన్ని నెలలకు నొప్పి బాగా తగ్గింది. పిల్లల్ని ఎత్తుకోగలిగాడు.

ఇక్కడే నా గుండె బరువెక్కుతుంది. ప్రపంచంలో ఏ వైద్యుణ్ణయినా పిలిపించుకోగల ఇల్లు అది. అక్కడ కత్తి ముందొచ్చింది, సూది తర్వాత వచ్చింది, అన్నిటికన్నా చవకైన వ్యాయామం చివరికొచ్చింది. పదిహేడేళ్లు ఆలస్యంగా. అప్పటికీ నడుం పట్టీని మాత్రం ఆయన వదల్లేదు. 1963 నవంబరు 22న డల్లాస్ వీధుల్లో కారెక్కినప్పుడూ అది ఒంటిమీదే ఉంది. మొదటి తూటా తగిలాక పక్కకు ఒరిగిపోకుండా ఆ పట్టీయే ఆయన్ని నిటారుగా ఆపిందని వాదించేవాళ్లున్నారు.

2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2023 డిసెంబరులో ఆ సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి ఆపరేషన్ లేని చికిత్సలపై మార్గదర్శకాలు ఇచ్చింది. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, మనసుకు ఆసరా ఇచ్చే చికిత్సలు అందులో ఉన్నాయి. బెల్టులు, ట్రాక్షన్, నల్లమందు జాతి నొప్పి మాత్రలు మామూలుగా వాడొద్దంది. మన ఊళ్లలో నడుం నొప్పి అనగానే మొదట చేతిలో పెట్టేది బెల్టే.

ఆపరేషన్ అవసరమయ్యే నడుములు లేవని కాదు. నరం నలిగి కాలిలో బలం తగ్గుతూ పోతుంటే, పూస విరిగితే, లోపల చీమో గడ్డో ఉంటే కత్తే దిక్కు. అలాంటిదేమీ లేదంటే, సంతకం పెట్టేముందు డాక్టరుగారిని అడగండి: స్కాన్‌లో కనిపిస్తున్నదే నా నొప్పికి కారణమని మీకు నమ్మకముందా? మూడు నెలలు పద్ధతిగా వ్యాయామం చేసి చూస్తే నష్టమేమిటి? చేయించుకుంటే తగ్గేది కాలి నొప్పా, నడుం నొప్పా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. కానీ మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా వ్యాయామం మాట పక్కన పెట్టండి. తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.