మూట బాలుడిది.. నేరం ముఠాది!
పాడేరు: గంజాయి మూట మోసేది బాలుడు. లాభం దక్కేది తెర వెనుకనున్న పెద్దలకు. మన్యం నుంచి మత్తుపదార్థాల తరలింపు మొదలు పట్టణాల్లో సెల్‌ఫోన్ల చోరీ వరకు పిల్లలను ముందు నిలిపే ముఠాలు ఒకే మాట చెబుతాయి. 'నువ్వు మైనర్‌వి, నిన్నేమీ చేయరు' అని. ఈ మాట నమ్మరాదు. గంజాయి 20 కిలోలు మించితే పదేళ్లకు తగ్గని శిక్ష విధించదగిన నేరమవుతుంది. అటువంటి కేసులో 16 ఏళ్లు నిండిన వారిపై పెద్దలతో సమానంగా విచారణ జరిపేందుకు చట్టంలో అవకాశం ఉంది.

గుర్తించేదిలా..

* సంపాదన లేకున్నా కొత్త ఫోను, ఖరీదైన దుస్తులు, చేతినిండా డబ్బు కనిపించడం
* తరచూ బడి మానడం, ఇంట్లో చెప్పకుండా రెండు మూడు రోజులు దూరప్రాంతాలకు వెళ్లిరావడం
* వయసులో చాలా పెద్దవారితో కొత్త స్నేహాలు, వారి ఫోను రాగానే బయటకు పరుగుతీయడం
* ఒంటిపై దెబ్బలు, ఎవరికో బాకీ పడ్డామన్న భయం

వీటిలో ఒక్కటే కనిపించినంత మాత్రాన నిర్ధారణకు రాలేం. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ఉపేక్షించరాదు.

ఏం చేయాలి?

బిడ్డను కొట్టడం, నలుగురిలో నిలదీయడం తగదు. అలా చేస్తే భయంతో ముఠాకే మరింత దగ్గరవుతాడు. ఏకాంతంలో, అనునయంగా అడగాలి. ముఠా సభ్యులతో సొంతంగా తలపడరాదు. వారి ఫోను నంబర్లు, వాహనాల నంబర్లు రాసిపెట్టుకోవాలి. ఫోనులోని సందేశాలను చెరిపివేయరాదు. రేయింబవళ్లు పనిచేసే బాలల సహాయవాణి 1098కి ఉచితంగా సమాచారమివ్వవచ్చు. ప్రాణాపాయం ఉంటే 112కు ఫోను చేయాలి. మత్తుపదార్థాల రవాణాలోకి దిగే ప్రమాదమున్న పిల్లలను రక్షణ అవసరమైన వారిగానే చట్టం పరిగణిస్తుంది. వారి బాగోగులను జిల్లా బాలల సంక్షేమ సమితి చూస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

పిల్లలచేత నేరం చేయించేందుకు వారిని నియమించుకున్న వారికి భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద మూడేళ్లకు తగ్గకుండా పదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడతాయి. ఈ సంహిత 2024 జులై 1 నుంచి అమలులో ఉంది. జువైనల్ జస్టిస్ చట్టం-2015లోని 78వ సెక్షన్ ప్రకారం మద్యం, మత్తుపదార్థాలను పిల్లలతో మోయించినా, అమ్మించినా ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా తప్పవు.

పట్టుబడితే..

పిల్లలను పోలీసు లాకప్‌లో గాని, జైలులో గాని ఉంచరాదు. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా జువైనల్ జస్టిస్ బోర్డు ఎదుట హాజరుపరచాలి. తల్లిదండ్రులకు సమాచారమివ్వాలి. పేరు, బడి, ఫొటో బయటపెట్టడం శిక్షార్హం. మూట ఎవరు ఇచ్చారో, ఎక్కడికి చేర్చమన్నారో, ఏమని బెదిరించారో బోర్డుకు వివరించడం అత్యవసరం. అది చెప్పకుంటే మూట ఇచ్చినవాడు తప్పించుకుంటాడు, మరో ఊరిలో మరో బాలుడిని వెతుక్కుంటాడు.