రాత్రి బండి, రెప్పపాటు కునుకు

రాత్రి బండి నడిపే డ్రైవరు కునికితే తప్పంతా అతడి నిర్లక్ష్యానిదే అనేయడం తేలిక. మెదడులోని విద్యుత్తును కొలవడం మొదలయ్యాకే ఆ మాటకు జవాబు దొరికింది.

జర్మనీలోని యేనాలో మనోవైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలపై నుంచి ఆ విద్యుత్తును నమోదు చేశాడు. 1929లో ప్రకటించాడు. 1930లలో అమెరికాలో ఆల్ఫ్రెడ్ లూమిస్ బృందం ఆ తరంగాలను బట్టే నిద్రను దశలుగా విడదీసింది.

అయితే ఇదంతా ప్రయోగశాల ముచ్చట. దాన్ని రైలు పట్టాల మీదికి తెచ్చింది స్వీడన్. అక్కడి పరిశోధకులు టోర్స్‌వాల్, ఓకర్‌స్టెట్ 11 మంది రైలు డ్రైవర్ల తలకు ఎలక్ట్రోడ్లు అతికించి, డ్యూటీలో ఉండగానే కొలిచి, 1987లో ఫలితాలు వెల్లడించారు. రాత్రి ప్రయాణాల్లో నిద్రమత్తును సూచించే ఆల్ఫా, థీటా తరంగాలు పెరిగాయి. కళ్లు తెరిచి ఉన్నప్పుడు మామూలుగా అణిగి ఉండే ఆల్ఫా ఉప్పొంగిన క్షణాల్లో ఇద్దరు డ్రైవర్లు సిగ్నళ్లకు స్పందించనే లేదు! శిక్షలతో ఆపగలిగే తరంగాలా అవి?

2014లో న్యూజిలాండ్ పరిశోధకులు స్కానర్‌తో మెదడులో ఇంకా లోతుకు చూశారు. కునుకు పట్టిన కొద్ది సెకన్లలో, మెదడు లోపలి భాగమైన థాలమస్ మందగించింది. మెదడు ముందు, పక్క భాగాల్లో మాత్రం చురుకు పెరిగింది. మళ్లీ మేలుకోవడానికి మెదడు చేసే పెనుగులాట అదేనేమోనని వాళ్ల అంచనా.