అదనును బలమును – టర్బో కారుల చరిత్ర



కమ్మరి కొలిమిని మీరందఱు చూచియే యుందురు. తిత్తి యొత్తినకొలఁది నిప్పు రాజును. కాని సుత్తిదెబ్బ అదను తప్పెనా, ఇనుము చెడును. నేఁడు నేను చెప్పఁబూనిన టర్బో కారుల చరిత్రయు ఇట్టిదే. ఇందు తిత్తి బలమొకటి, దెబ్బ అదనొకటి.

పెట్రోలు యంత్రమున సిలిండరను గొట్టములో పిస్టను అను దిమ్మె క్రిందుమీఁదుగా ఆడుచుండును. అది గాలిని, పెట్రోలు ఆవిరిని కలిపి నొక్కఁగా నిప్పురవ్వ పుట్టి వానిని రగుల్చును. ఆ మంట పిస్టనును క్రిందికిఁ ద్రోయును. అశ్వశక్తికి మూలమిదియే. మంట వ్యాపించుటకు రవంత కాలము పట్టును గనుక, పిస్టను శిఖరమును చేరుటకు మున్నే రవ్వను పుట్టింపవలెను. మిక్కిలి ముందైనచో మంట పైకి వచ్చుచున్న పిస్టనును ఎదురు తన్నును. ఆలస్యమైనచో బలము తఱిగి, వేఁడి పొగతో వెలికిఁ బోవును.

అట్లు వృథాగాఁ బోవు పొగచేతనే ఒక చక్రమును త్రిప్పి, ఆ చక్రముచే గాలిని యంత్రములోనికి దట్టించు ఉపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందెను. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు లిబర్టీ విమానయంత్రమును 14,000 అడుగులకు మించిన పైక్స్ శిఖరముపైకిఁ జేర్చెను. నేలమీఁద 350 అశ్వశక్తి గల ఆ యంత్రము పలుచని గాలిలో 230కి దిగజాఱెను. టర్బోను తగిలింపఁగా 356 చూపెను.

అయినచో కారులకు ఈ వరము వెంటనే ఏల దక్కలేదు? నొక్కిన గాలి వేఁడెక్కును. సైకిలు పంపును తాఁకిన బాలురకును ఇది తెలియును. అధిక పీడనమున, అనఁగా బూస్టున, మంట తన్ను చేరకమునుపే మూలనున్న మిశ్రమము తనంతఁ దానే ప్రేలును. లోపల సుత్తితోఁ గొట్టినట్లు శబ్దమగును. అది సాగెనా, పిస్టనులు పగులును. రవ్వను కొంత ఆలస్యము చేసినచో ఈ పోటు తగ్గును. కాని బూస్టు ఇచ్చిన బలములో కొంత ఆ ఆలస్యమే హరించును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వారు జెట్‌ఫైర్ అను కారును విడిచిరి. మూడున్నర లీటర్ల యంత్రము, 215 అశ్వశక్తి. పోటు నణఁచుటకై నీరును మెథనాలును కలిపిన ద్రవమును లోనికిఁ జిమ్మెడివారు. పెక్కుమంది యజమానులు ఆ ద్రవమును నింపుట మఱచిరి. 1963తో ఆ కారు తయారీ నిలిచిపోయెను. 1974లో చూపఁబడిన జర్మనీ కారు పోర్షె 911 టర్బో వేఱు దారిఁ బట్టినది. యంత్రము నొక్కుడును 6.5 రెట్లకు తగ్గించి, 0.8 బారు బూస్టుతో 260 అశ్వశక్తి సాధించినది. కాని బూస్టు అందని వేళ అట్టి యంత్రము మందకొడిగా నుండును.

తుదకు యంత్రమునకే చెవులమర్చిరి. 1978లో బ్యూక్ వారి టర్బో కారులలో పోటు వినఁబడినంతనే రవ్వను వెనుకకుఁ ద్రోయు విద్యుత్సాధనము కలదు. కొలఁది యేండ్లకు స్వీడనులో సాబ్ వారు పోటు వినఁబడినప్పుడు బూస్టునే తగ్గించు పద్ధతిని తెచ్చిరి. ఒకరు అదనును సవరించిరి, మఱియొకరు బలమును సవరించిరి. నేఁటి కారులలో కంప్యూటరు రెంటిని ఏకకాలమున సవరించును. మన యూళ్లలో తిరుగు లారీలు పెక్కింటికిని టర్బో కలదు. వాని డీజిలు యంత్రములలో రవ్వ లేదు గనుక డీజిలును చిమ్ము అదనే ముఖ్యము.

బూస్టు పెంచిన బలము పెరుగునని విని, కొందఱు పడుచువాండ్రు ఆ కంప్యూటరు లెక్కలను మార్పించుచున్నారు. గాలి పెంచిన అశ్వశక్తి పెరుగుట నిజమే. అయితే దానికిఁ దగిన అదనును, చల్లదనమును, మేలైన పెట్రోలును కూర్చనిచో ఆ బలమే యంత్రమును మ్రింగును. మీ యింటి పిల్లలు అట్టి పనికిఁ బూనినప్పుడు "బలమెంత?" అని మాత్రమే కాక "అదను సరిచూచితివా?" అనియు అడుగుఁడు. ముప్పదియైదేండ్లు పాఠము చెప్పినవాఁడను. పాఠమునకును ఇదియే నియమమని యెఱుఁగుదును.